చల్లారిన పొయ్యి సాక్ష్యం

మీ ఇంట్లో ఈ పూట తిండి లేదని నేను నమ్మాలంటే మీరు నాకేం చూపిస్తారు?

ఖాళీ బియ్యం డబ్బా చూపిస్తారేమో. నేను వస్తున్నానని తెలిసి బియ్యం పక్కింట్లో దాచి ఉండవచ్చు కదా? పిల్లల్ని ముందుకు తోస్తారేమో. పిల్లలు పుట్టుకతోనే బక్కపలచగా ఉండవచ్చు. ఏడుస్తారా? ఏడుపు ఎవరికైనా వస్తుంది. శామీర్‌పేట చెరువు దిగువన ఒక వాడలో ఇల్లిల్లూ తిరిగినప్పుడు నా బుర్ర సరిగ్గా ఇలాగే పనిచేసింది. అందులో తప్పుందని నాకు తోచలేదు. అదే నా చదువు అనుకున్నాను.

నేను కృష్ణా జిల్లాలో పెరిగాను. మా నాన్న ఊళ్లో ఒక పఠనాలయం నడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ చర్చలు జరిగేవి. వితంతు వివాహం కానివ్వండి, కులం కానివ్వండి, జాతకాలు కానివ్వండి, లేచి మాట్లాడిన ప్రతివాడినీ నాన్న అడిగేది ఒకటే: "ఆధారం?" నాకు పదేళ్లు వచ్చేసరికి అది నా నోట్లోనూ ఊతపదమైంది. తర్వాత ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. సెలవుల్లో ఊళ్లు తిరిగి బాబాల మహిమల వెనకున్న కిటుకులు జనానికి విప్పి చూపించేదాన్ని. రిటైరయ్యాక దూలపల్లి దగ్గర ఒక కాలనీలో ఇల్లు తీసుకున్నాం. మా వీధిలో సగం మంది మాలాగే కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. చెరువు నిండి పొర్లింది. మేం అలుగు పారింది అంటాం, ఇక్కడివాళ్లు మత్తడి దుంకింది అంటారు. దిగువ పొలాలు మునిగాయి. చెరువులో వల వేయడానికి లేదు. మేడ్చల్ నుంచి దూలపల్లి దాకా కడుతున్న ఇళ్ల దగ్గర పునాది గుంతల్లో నీళ్లు నిలిచి కూలీలను రావద్దన్నారు. వాన ఆగి వారం దాటినా పని మొదలు కాలేదు. ఎండ మాత్రం ఏమీ జరగనట్టు కాసింది.

ఒక సహాయ సంస్థ ఆ వాడలో నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె ఇస్తామని ముందుకొచ్చింది. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి సర్వే చేయాలి, చదువుకున్నవాళ్లు కావాలి అని మా కాలనీని అడిగింది. కమిటీ హాల్లో మీటింగు పెట్టారు. చందాలిచ్చింది కూడా మా కాలనీవాళ్లే కాబట్టి మాటలు సూటిగానే వచ్చాయి.

"ఒక్కో ఇంట్లో రెండు పేర్లు రాయిస్తారండీ. అన్నకోటి, తమ్ముడికోటి. కావాలంటే చూడండి," అన్నాడొకాయన.

"మేడమ్‌ను పంపండి. బాబాల గుట్టే రట్టు చేసిన మనిషి. ఆవిడ ముందు వీళ్లెంత," అన్నాడు ఇంకొకాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు బాగానే ఉంది, దాచుకోను.

నాతో జోడీగా అల్వాల్ నుంచి ఒక రిటైర్డ్ నర్సు వచ్చింది. నా ఈడుదే. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. నేను అడుగుతాను, ఆమె ఫారం నింపుతుంది. ఫారంలో ప్రశ్నలు తేలికే. గడిచిన ఏడు రోజుల్లో అన్నం ఎన్ని రోజులు తిన్నారు? పప్పు? కూరగాయలు? పాలు? చేపా మాంసమూ? తిండి అప్పు తెచ్చుకున్న రోజులెన్ని? పిల్లలకు సరిపోవాలని పెద్దవాళ్లు తక్కువ తిన్న రోజులెన్ని? జవాబులకు మార్కులు వేసి కూడితే ఒక అంకె వస్తుంది. గీత కింద ఉంటే సాయం, పైన ఉంటే లేదు.

అన్నిటికంటే ముందు పెద్ద అక్షరాలతో ఒక నియమం ఉంది: ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారందరూ ఒకే ఇల్లు. ఎంత చక్కటి నియమం అనుకున్నాను. ఆధార్ కార్డులు ఎన్నున్నా, గోడలు ఎన్నున్నా, పొయ్యికి మోసం చేయడం చేతకాదు కదా.

మొదటిరోజే నాకొక పద్ధతి దొరికింది. మాట్లాడుతూ మాట్లాడుతూ వంట దగ్గరికి వెళ్లి పొయ్యి బూడిదలో చెయ్యి పెట్టేదాన్ని. పొద్దున వండినదైతే మధ్యాహ్నానికి అడుగున వెచ్చదనం మిగులుతుంది. ఇది నేను ముప్ఫై ఏళ్లు బోర్డు మీద గీసి చెప్పిన పాఠమే.

శుక్రవారం మధ్యాహ్నం ఒక రేకుల ఇంటికి వెళ్లాం. ఆ ఇంటామెకు పాతికేళ్లుంటాయేమో. ఇద్దరు చిన్నపిల్లలు. భర్త సెంట్రింగ్ పనికి పోతాడు, ఇప్పుడు పని లేదు. పక్కనే ఆనుకుని ఉన్నది బావగారి ఇల్లు. ఆయన చెరువులో చేపలు పడతాడు. అత్త ఆయన దగ్గరే ఉంటుంది. పక్కింటి పేరు పొద్దునే రాసుకున్నాం. అప్పుడే నాకు అనుమానం మొదలైంది. అన్నకోటి, తమ్ముడికోటి.

"మీరూ పక్కవాళ్లూ వేరా అమ్మా?" అని అడిగాను.

"వేరే మేడమ్. రెండేండ్లాయె వేరువడి."

"రేషన్ కార్డు?"

"కార్డు ఒక్కటే ఉన్నది. మా అత్త పేరు మీద. కొత్తదానికి రాసిచ్చినం, ఇంక రాలే."

"ఇవాళ వండావా?"

"వండిన," అందామె. చూపు పక్కకు తిప్పుకుంది.

"ఎక్కడ?"

"గీడనే. గ్యాస్ అయిపోయింది, కట్టెల పొయ్యి మీద."

"ఏం వండావు?"

"అన్నం."

"ఈ వారంలో అన్నం ఎన్ని రోజులు తిన్నారు?"

"ఏడు దినాలు తిన్నం మేడమ్. మాకేంది."

పప్పు లేదంది. కూరగాయలు లేవు, పాలు లేవు. ఆ లెక్కన గీతకు ఎంతో కింద ఉంది. నేను లేచి వెనక్కి వెళ్లాను. మూడు రాళ్ల పొయ్యి. బూడిదలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఇంకా లోపలికి పోనిచ్చాను. అడుగు బూడిద గడ్డకట్టి, తడి ఆరిన మట్టిలా చేతికి తగిలింది. ఆ పొయ్యి ముట్టించి పది రోజులు దాటి ఉంటుంది. పక్కింటి గోడ మీదుగా చూస్తే అక్కడి పొయ్యి మీద పెద్ద గిన్నె, కింద ఎర్రటి నిప్పులు.

చెయ్యి దులుపుకుంటూ వచ్చాను. ఆమె నా వేళ్లకంటిన బూడిద చూసింది.

వీధిలోకి వచ్చాక నర్సుతో అన్నాను: "కొట్టేయండి. రెండిళ్లకూ పొయ్యి ఒకటే. అబద్ధం చెప్పింది."

"అబద్ధం చెప్పింది నిజమే గని అక్కా," అందామె పెన్ను ఎత్తి పట్టుకుని, "ఎందుకు చెప్పిందో అడిగినవా?"

"ఎందుకేముంది? రెండు సంచుల కోసం."

"నీకు పోలీసు నౌకరి రావాల్సింది. కాలేజీల ఖరాబైనవ్," అంటూ పేరు మీద గీత గీసింది. పక్కన 'ఒకే పొయ్యి' అని రాసింది.

అలా నేను కొట్టించిన పేర్లు తొమ్మిది. సాయంత్రం కాగితాలు అందుకున్న సంస్థ సూపర్‌వైజర్ మొహం వెలిగిపోయింది. "మీ టీమ్ బెస్ట్ మేడమ్. మిగతావాళ్లు అందరినీ రాసుకొచ్చేస్తున్నారు," అన్నాడు. ఆ రెండు మాటలూ నాకు నచ్చాయి.

శనివారం పొద్దున అతనే ఫోన్ చేశాడు. ఎవరో రేకుల ఇంటామె వచ్చి, లిస్టులో తన పేరెందుకు లేదని అడుగుతోందట. సాయంత్రం ఐదుకు లిస్టు మూసేస్తాం, మళ్లీ ఒకసారి చూసి ఆ ఫిర్యాదు తేల్చేయండి అన్నాడు. తేల్చేయడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. సరిగ్గా అన్నం వేళకు, చెప్పకుండా వెళ్లాలని నిర్ణయించుకున్నాను. నర్సు బస్సు దిగి వచ్చి, "ఇయ్యాల గూడ బూడిద తీస్తవా?" అంది.

వెళ్లేసరికి రెండిళ్ల పిల్లలూ పక్కింటి అరుగు మీద వరసగా కూర్చుని తింటున్నారు. అన్నంలో చింతపండు పులుసు. రేకుల ఇంటామె తోటికోడలు వడ్డిస్తోంది. నా అనుమానం రుజువైంది. లోపల సంబరపడ్డాను కూడా.

కానీ ఆ చిన్న కోడలు అరుగు మీద లేదు. తన ఇంటి గడపలో కూర్చుని ఉంది. అత్త ఒక స్టీలు గ్లాసు కొంగుతో పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వచ్చి ఆమె చేతికిచ్చింది. గంజి. ఆమె తాగింది. అంతే. లేచి గ్లాసు కడగబోయింది.

"అన్నం తినవా?" అన్నాను.

జవాబు ముసలమ్మ చెప్పింది. "అది తినదు మేడమ్. ఒట్టు వెట్టుకున్నది."

"ఏం ఒట్టు?"

"వేరువడ్డనాడు లొల్లి అయింది. చేపల కూరకాడ. మా పెద్దది తన మొగనికి నడిమి ముక్కలేసి, దీని మొగనికి తోక ఏసిందని. నడి వాకిట్ల నిలవడి, ఈ పొయ్యి మీది మెతుకు ముట్టనంటె ముట్టనన్నది. ఊరంత ఇన్నది. ఇగ పానం పోయినా ముట్టదు."

"మెతుకు ముట్ట అన్న. గంజి ముట్ట అన్లే," అంది కోడలు, గ్లాసు కడుగుతూ.

"నేను అడుగున నాలుగు మెతుకులు ఏస్త గని," అంది ముసలమ్మ గొంతు తగ్గించి, "దానికి తెల్వది."

"తెల్వదని నువ్వనుకుంటున్నవ్ అత్తా," అంది కోడలు వెనక్కి తిరక్కుండానే.

నర్సు పకపకా నవ్వింది. అరుగు మీద పెద్ద కోడలు కూడా మూతి బిగించుకుని నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు.

సంగతి తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. వానలకు అన్నదమ్ములిద్దరి పనులూ పోయాయి. కట్టెలు తడిసిపోయాయి. కార్డు మీద వచ్చే బియ్యం ఒక్క చోటికే వస్తుంది. రెండు పొయ్యిలు వెలగవని చూసి ముసలమ్మే గిన్నెలు కలిపింది. పిల్లల్నీ కొడుకునూ పిలిచి కూర్చోబెట్టింది. కోడలు మాత్రం రాలేదు. పది రోజులుగా ఆమె గంజి మీద ఉంది. "వండిన" అని నాతో చెప్పింది సంచి కోసం కాదు. వదిలేసి వచ్చిన పొయ్యి మీదే తన పిల్లలు బతుకుతున్నారని బయటి మనిషి ముందు ఒప్పుకోలేక.

నేను నా అలవాటు ప్రకారం వాదానికి దిగాను. "ఒట్టు అంటే ఏమిటమ్మా? నోటి మాట. తప్పితే ఏమవుతుంది? ఎవరు శిక్షిస్తారు? ఆకలితో ఉండి ఒట్టు నిలబెట్టుకోవడం మూఢత్వం కాదా?"

ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని నా ఎదురుగా నిలబడింది.

"మీరు నిన్న నా పేరు కొట్టేసిన్రు. ఇయ్యాల అంతా కండ్లార చూసిన్రు. మల్ల రాస్తరా?"

నేను నర్సు చేతిలోని ఫారం వైపు చూశాను.

"రాయరు గద? ఒక్కపారి కాయితం మీద గీత గీస్తె మీరు గా గీతకు కట్టువడి ఉంటరు. నేను నా మాటకు కట్టువడి ఉంటె మూఢత్వమా?"

"నాకు సంచి ఒక్కటే కాదు మేడమ్," అంది మళ్లీ. "మా ఇల్లు ఏరే ఉన్నదని గా కాయితంల ఉండాలె. రేపు కొత్త కార్డు ఇయ్యాలన్నా, ఇంకేదన్న ఇయ్యాలన్నా గదే చూస్తరట. ఇప్పుడు ఒక్కటే ఇల్లని రాసిన్రంటె మేము జన్మల ఏరే కాము."

అక్కడే నిలబడి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. అప్పటికి ఒంటిగంట దాటింది.

"ఆ పేరు మళ్లీ చేర్చాలి. పొరపాటు నాది," అన్నాను.

"మీరే రాశారు కదా మేడమ్, పొయ్యి ఒకటేనని."

"ఒకటే. ఆకలికి ఒకటైంది. మామూలు రోజుల్లో రెండు. ఆపదలో జనం ఏం చేస్తారో కొలవడానికి వెళ్లి, వాళ్లు ఆపదలో చేసిన పనినే మోసమని రాశాను."

"అర్థమైంది మేడమ్. కానీ కొట్టేసిన పేరు చేర్చాలంటే విడి రేషన్ కార్డు, ఇద్దరి ఆధార్‌లు, కరెంటు బిల్లు, పక్కవాళ్ల సంతకాలు, ఇంటి ఫొటో, ఆపైన కమిటీ ఆమోదం కావాలి."

"కొట్టేయడానికి ఏం కావాలి?"

"దానికేం అక్కర్లేదు మేడమ్. వాలంటీర్ రిమార్క్ చాలు."

నా జీవితంలో ఆధారం అన్న మాట ఎన్ని వేలసార్లు వాడి ఉంటానో. పేరు చేర్చమన్నవాళ్లను ప్రతి గడపలోనూ అడిగాను. కొట్టేసిన నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. బూడిద చల్లగా ఉందన్నది నిజం. ఆమెకు వేరే ఇల్లు లేదన్నది ఆ నిజంలోంచి నేను లాగిన అబద్ధం. క్లాసులో ఏ పిల్లవాడు అలా రాసినా సున్నా వేసేదాన్ని. మా నాన్న అయితే నన్ను పఠనాలయం నడిమధ్య నిలబెట్టేవాడు.

కమిటీ ఇక సోమవారం దాకా కూర్చోదు. లిస్టు ఐదింటికి మూసేశారు. ఆ రెండిళ్లకూ కలిపి ఒక్క సంచి వచ్చింది.

నేను బజారులో బియ్యం, పప్పు కొని ఆటోలో తీసుకెళ్లాను. చిన్న కోడలు గడప దిగలేదు. "లిస్టులదా, మీదా?" అంది.

"నాదే."

"మీదైతె నాకొద్దు. లిస్టులదైతె తెండి."

"దానికొద్దట. నాక్కావాలె, ఇటు తే బిడ్డా," అంటూ ముసలమ్మ సంచి లాక్కుంది. అందులోంచి కొంచెం బియ్యం చాటలో పోసుకుని చిన్న కోడలి పొయ్యి దగ్గరికి నడిచింది. నాలుగు ఎండు పుల్లలు కూడా పట్టుకుపోయింది. కాసేపటికి ఆ ఇంటి వెనక పొగ లేచింది. నేను చూసి వచ్చేశాను. అది నా ఘనకార్యం కాదు. ఆమె అడిగింది అది కాదు. ఆమె పేరు ఇప్పటికీ ఏ లిస్టులోనూ లేదు.

తర్వాతి వారం మిగిలిన ఎనిమిది ఇళ్లకూ నర్సుతో కలిసి మళ్లీ వెళ్లాను. ఒకరు నిజంగానే రెండు పేర్లు రాయించారు. మంచం కింద బస్తా ఉంది. ఐదిళ్లలో కథ ఇంచుమించు ఇదే. కట్టెల కోసం కలిశారు, పిల్లల కోసం కలిశారు. రెండిళ్లు తాళాలేసి ఉన్నాయి. వాళ్ల సంగతి నాకు తెలియదు, తెలిసినట్టు రాయను. వాడలో మిగతా జట్లు కొట్టేసిన పేర్లు చూపించమని సంస్థను అడిగాను. అవి ఎవరికీ చూపించరన్నారు. ఇచ్చినవాళ్ల లిస్టు మాత్రం గోడకు అంటించారు, ఫొటోలతో. కమిటీ హాల్లో ఈ సంగతి చెప్తే, "మీరూ మెత్తబడ్డారు మేడమ్," అన్నారు. నేను మెత్తబడలేదు. నా అనుమానం అలాగే ఉంది. ఇప్పుడది ఖాళీ డబ్బా చూపించేవాళ్ల మీద కాదు, పెన్ను పట్టుకున్నవాళ్ల మీద. తగ్గిన అంకె చూసి సంతోషించేవాళ్ల మీద.

ఈ ఏడూ మబ్బులు పట్టాయి. లిస్టులు మళ్లీ మొదలయ్యాయి. మీ కాలనీ నుంచి కూడా ఎవరినో పంపిస్తారు, మీరే వెళ్తారేమో.

కాబట్టి ఇది చదివి పక్కన పెట్టకండి. రేపు పొద్దున ఆ లిస్టు రాసేచోటికి, సంస్థ ఆఫీసుకో, మీ పంచాయతీ ఆఫీసుకో, మునిసిపల్ ఆఫీసుకో వెళ్లండి. సాయం ఎవరికి అందిందో అడగకండి, అది వాళ్లే గోడకు అంటిస్తారు. ఎవరి పేర్లు కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో, ఎవరి చేత్తో కొట్టేశారో రాసిన కాగితం అడగండి. అలాంటి కాగితం లేదంటే, ఎందుకు లేదో రాసివ్వమనండి. లిస్టు మూసేముందు ఆ పేర్లు ఆ వాడ నడివీధిలో, వాళ్ల ఎదుటే, పైకి చదివించండి. కాగితం చేతికి వచ్చేదాకా ఆ కుర్చీ ముందు నుంచి కదలకండి.